ప్యాకప్ చెప్పినా ఇంటికి పోని నటులు!

లండన్‌లో రామచిలుకలు... ఫ్లారిడాలో కోతులు... సముద్రం మధ్య దీవిలో అడవిదున్నలు... వీటినక్కడ వదిలిపెట్టింది ఎవరు? నిజంగా సినిమావాళ్ళేనా?

మీ అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడనుకోండి. "నాన్నా, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి" అని పోరుపెడితే, మీరు స్వెట్టరూ మంకీ క్యాపూ కొనుక్కుని విమానం ఎక్కారనుకోండి. డిసెంబరు నెల. పొద్దున ఎనిమిదైనా సూర్యుడి జాడ సరిగా లేదు. కోడలు ఇచ్చిన కాఫీ తాగి, పక్కనే ఉన్న పార్కులో నాలుగడుగులు వేద్దామని బయల్దేరారు. ఆకులన్నీ రాలిపోయి మోడుల్లా నిలబడ్డ చెట్లు. గడ్డి మీద తెల్లగా మంచు. ఇంతలో నెత్తిమీద "కీ... కీ... కీ..." అంటూ ఒకటే గోల!

తలెత్తి చూస్తే ఏముంది? పచ్చటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, మెడలో గులాబిరంగు కంటె. అచ్చం మన పెరట్లో జామచెట్టు మీద వాలే రామచిలుక! అదీ ఒకటీ రెండూ కాదు, ఓ పాతిక!

చలికి కళ్ళు బైర్లు కమ్మాయేమో అని కంగారు పడకండి. అవి నిజం చిలుకలే. లండన్‌లోనూ ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లోనూ గుంపులు గుంపులుగా కాపరం పెట్టాయి. బ్రిటన్ మొత్తం మీద ఈ చిలుకల జంటలు 12 వేల దాకా ఉంటాయని అంచనా. శాస్త్రజ్ఞులు వీటి జన్యువులు పరీక్షించి, వీటి పూర్వీకులు చాలావరకు మన ఉపఖండపు ఉత్తర ప్రాంతాలకు చెందినవేనని కూడా తేల్చారు. అంటే పాస్‌పోర్టూ వీసా లేకుండా స్థిరపడిపోయిన మనవాళ్ళన్నమాట!

ఇంతకీ ఇవి అక్కడికెలా చేరాయి? ఈ ప్రశ్న లండన్‌లో ఎవరినైనా అడిగి చూడండి. ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది. "ఏముందండీ, సినిమావాళ్ళు షూటింగుకి తెచ్చి వదిలేశారు!"

ఆ మాట వింటే చిత్రసీమవాళ్ళ గుండె గుభేలుమంటుంది. అన్ని నిందలూ చాలక ఇదొకటా అనిపిస్తుంది. కానీ చిత్రమేమిటంటే ఈ నింద లండన్‌తో ఆగలేదు. ఉండకూడని చోట ఏ జంతువు కనబడినా జనం ముందు సినిమా వంకే వేలు చూపిస్తారు. ఆ వేలు ఎక్కడ తప్పో, ఎక్కడ ఒప్పో ఓసారి చూద్దాం.

బోగార్ట్ చిలుకలు!

లండన్ చిలుకల కథలో నిందితుడు సామాన్యమైన చిత్రం కాదు. 1951లో వచ్చిన ‘ఆఫ్రికన్ క్వీన్’. దర్శకుడు జాన్ హ్యూస్టన్. హీరో హంఫ్రీ బోగార్ట్, హీరోయిన్ కేథరిన్ హెప్‌బర్న్. అవుట్‌డోర్ అంతా ఆఫ్రికాలో, కాంగో, ఉగాండా అడవుల్లో తీశారు. అక్కడి నీళ్ళు పడక యూనిట్ యూనిట్ అంతా మంచం ఎక్కితే బోగార్ట్, హ్యూస్టన్ మాత్రం గుండ్రాయిల్లా తిరిగారట. కారణం ఏమంటే, వాళ్ళిద్దరూ విస్కీ తప్ప నీళ్ళు ముట్టలేదట! బోగార్ట్‌కి జీవితంలో వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ ఈ చిత్రానికే.

ఆఫ్రికాలో తీయగా మిగిలిన భాగం కొంత పశ్చిమ లండన్‌లో, ఐజిల్‌వర్త్‌లోని స్టూడియోలో తీశారు. సరిగ్గా ఇక్కడే కథ పుట్టింది. సెట్లో అడవి వాతావరణం కోసం చిలుకల్ని తెప్పించారనీ, అవి తప్పించుకుని ఎగిరిపోయాయనీ, ఇవాళ్టి చిలుకలన్నీ వాటి మునిమనవలేననీ!

దీనికి పోటీగా ఇంకో కథ కూడా ఉంది. 1960ల చివర్లో గిటార్ వాయించి కుర్రకారుని వెర్రెత్తించిన జిమీ హెండ్రిక్స్ ఉన్నాడే, ఆయన లండన్ కార్నబీ వీధిలో ఒక చిలకల జంటను గాల్లోకి వదిలాడట. ఎవరి అభిమాన తారని బట్టి వాళ్ళకో కథ!

చివరికి 2019లో లండన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొందరు ఈ పంచాయితీ తేల్చడానికి కూర్చున్నారు. వాళ్ళు వాడిన పద్ధతి వింటే మన డిటెక్టివ్ చిత్రాల రచయితలు ఈర్ష్య పడతారు. ఒక హంతకుడు వరసగా నేరాలు చేస్తూ పోతుంటే, ఆ చోట్లన్నీ మ్యాపు మీద గుర్తు పెట్టి, వాడు ఎక్కడ కాపరముండి ఉంటాడో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. పోలీసులు వాడేది. అదే పద్ధతిని చిలుకల మీద ప్రయోగించారు. 1968 నుంచి 2014 దాకా ఎప్పుడెక్కడ చిలుకలు కనిపించాయో ఆ వివరాలన్నీ పోగేసి లెక్కలు కట్టారు. అవి ఐజిల్‌వర్త్ స్టూడియోనుంచి బయల్దేరినట్టు గానీ, కార్నబీ వీధినుంచి బయల్దేరినట్టు గానీ ఎక్కడా ఆధారం దొరకలేదు. బోగార్ట్ నిర్దోషి! హెండ్రిక్స్ నిర్దోషి!

మరి దోషి ఎవరు? మామూలు జనమే. ఇంగ్లండులో ఈ చిలుక బయట ఎగురుతూ కనిపించిన దాఖలా 1855లోనే ఉంది. అప్పటికి సినిమా అనేదే పుట్టలేదు! ఆ తరవాత 1929, 30 సంవత్సరాల్లో "చిలుకల జ్వరం" అని ఒక భయం పుట్టింది. పంజరంలో చిలుకలనుంచి మనుషులకు జబ్బు అంటుకుంటుందనీ, ప్రాణాలు పోతాయనీ పత్రికలు పెద్ద అక్షరాలతో రాశాయి. జబ్బు నిజమే, భయం మాత్రం పదింతలు. అంతదాకా ముద్దులు పెట్టి పళ్ళు తినిపించిన చేతులే పంజరం తలుపు తీసి "ఫో" అన్నాయి. ఒక పెద్ద సెట్లోంచి కాదు, ఎన్నో ఇళ్ళల్లోని చిన్న చిన్న పంజరాల్లోంచి, ఎన్నో ఏళ్ళపాటు, ఒకటీ అరా వచ్చిన చిలుకలివి. కానీ "మా తాతగారు భయపడి వదిలేశారు" అని చెప్పుకోవడం కంటే, "బోగార్ట్ వదిలేశాడు" అని చెప్పుకోవడంలో ఉన్న సరదా వేరు కదా!

టార్జాన్ అడవి ఏ దేశంలో ఉంది?

అయితే జనం సినిమానే ఎందుకు అనుమానిస్తారు? ఊరికే కాదు. జంతువుల్ని ఉండకూడని చోట చూపించడంలో సినిమాను మించినవాళ్ళు లేరు మరి!

1932లో ఎం.జి.ఎం. వారి ‘టార్జాన్ ది ఏప్ మ్యాన్’ వచ్చింది. ఒలింపిక్స్‌లో ఐదు బంగారు పతకాలు గెలిచిన ఈతగాడు జానీ వైస్‌ముల్లర్ హీరో. కథ జరిగేది ఆఫ్రికాలో. ఆఫ్రికా ఏనుగు చెవులు చేటలంత ఉంటాయి. కానీ చెప్పిన మాట వినే ఏనుగులు దొరికేవి మన ఆసియా జాతిలో. ఏం చేశారో తెలుసా? మన ఏనుగులకే పెద్ద పెద్ద చెవులు తయారుచేయించి తగిలించారు! విగ్గు పెట్టుకున్న హీరోలని చూశాం గానీ, చెవులు పెట్టుకున్న ఏనుగులు టార్జాన్ చిత్రాలకే చెల్లు.

ఇంకోటి వినండి. పాత హాలీవుడ్ అడవి చిత్రాల్లో రాత్రివేళ చెట్లలోంచి "హూ హూ హా హా" అని వెర్రినవ్వులాంటి కూత వినిపిస్తుంది. అడవంటే ఆ కూత, ఆ కూతంటే అడవి. ప్రేక్షకులంతా కోతులనుకున్నారు. కోతీ కాదు, ఆఫ్రికాదీ కాదు. అది కూకబుర్రా అనే పక్షి. దాని ఊరు ఆస్ట్రేలియా!

ఇలా భూగోళం మొత్తాన్ని ఒకే రోట్లో వేసి రుబ్బిన సినిమా మీద ఎవరు ఏ నింద వేసినా జనం నమ్మేస్తారు. అలా నమ్మిన కథే అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఇంకోటుంది.

నది దాటిన వంశం

ఫ్లారిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అని ఓ చోటు. అద్దంలా తళతళలాడే ఊటనీళ్ళు. అడుగున గాజు బిగించిన పడవలో కూర్చుంటే చేపలు, నాచు, మునిగిపోయిన చెట్లు అన్నీ కాళ్ళకింద కనిపిస్తాయి. అక్కడి నది ఒడ్డున, మొసళ్ళ పక్కన, కొమ్మల మీద కూర్చుని పేలు చూసుకుంటూ... ఎర్రమొహం కోతులు! రీసస్ కోతులు. మన దేశంలో ఉత్తరాది గుళ్ళచుట్టూ, రైల్వేస్టేషన్ల చుట్టూ తిరుగుతూ చేతిలో అరటిపండు లాక్కుపోయే జాతి. రక్తం గ్రూపు చెప్పేటప్పుడు "ఆర్.హెచ్. పాజిటివ్" అంటామే, ఆ "ఆర్.హెచ్." ఈ కోతి పేరునుంచి వచ్చిందే.

ఇవి ఇక్కడికెలా వచ్చాయని అడిగితే చాలాకాలం పడవవాళ్ళు చెప్పిన కథ ఒక్కటే. 1939లో వచ్చిన ‘టార్జాన్ ఫైండ్స్ ఎ సన్’ షూటింగులో కొంత ఇక్కడ జరిగింది. ఆ చిత్రంకోసం తెచ్చిన కోతులు తప్పించుకున్నాయి! వినడానికి బాగుంది. షూటింగు జరిగిన మాటా నిజమే. తీరా చిత్రం వేసుకుని చూస్తే అందులో రీసస్ కోతి ఒక్కటి కూడా లేదు.

అసలు హీరో వేరే ఉన్నాడు. పేరు కల్నల్ టూయీ. సైన్యంలో కల్నల్ కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే కల్నల్! ఆయన అక్కడ అడవి చూపిస్తామంటూ పడవలు నడిపేవాడు. టార్జాన్ చిత్రాలు చూసొచ్చిన జనానికి ఒట్టి చెట్లు చూపిస్తే ఏం ఆనుతుంది? అందుకని 1930ల చివర్లో ఓ అరడజను కోతుల్ని కొని తెచ్చి, నది మధ్య ఉన్న చిన్న దీవిలో వదిలాడు. చుట్టూ నీళ్ళే కదా, ఎక్కడికి పోతాయి అని ఆయన ధీమా.

పాపం, ఆయనకి రామాయణం తెలియదు! సముద్రం దాటిన వంశానికి నది దాటడం ఓ లెక్కా? రీసస్ కోతులు గజ ఈతగాళ్ళు. వదిలీ వదలగానే ఈదుకుంటూ అవతలి ఒడ్డెక్కేశాయి. టూయీ పట్టు వదలని విక్రమార్కుడు. కొన్నేళ్ళ తరవాత ఇంకొన్ని తెచ్చి వదిలాడు. అవీ అదే దారి పట్టాయి.

ఇక్కడిదాకా నవ్వు. ఆ తరవాతి కథ నవ్వుకునేది కాదు. 1980లు వచ్చేసరికి కోతులు వందల్లోకి పెరిగాయి. 1984 నుంచి 2012 వరకు దాదాపు వెయ్యి కోతుల్ని బోనులు పెట్టి పట్టారు. పట్టినవాటిలో చాలావాటిని మందుల ప్రయోగాలు చేసే లేబొరేటరీలకు అమ్మేశారు. జనానికి సంగతి తెలిసి గగ్గోలు పెట్టాక ఆ పట్టడం ఆగింది. పోనీ వాటి మానాన వాటిని వదిలేద్దామా అంటే అదీ కుదరదు. వీటిలో దాదాపు నాలుగోవంతు కోతులకు హెర్పిస్ బి అనే వైరస్ ఉందని పరీక్షల్లో తేలింది. కోతికి అది పెద్ద బాధ పెట్టదు. మనిషికి అంటితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ కోతులనుంచి మనుషులకు అంటినట్టు దాఖలా లేకపోయినా, 2018లో ఆ రాష్ట్రంలో కోతులకు తిండి పెట్టడం నిషేధించారు.

పడవ టిక్కెట్లు నాలుగు ఎక్కువ తెగుతాయని ఒక మనిషి వేసిన ఎత్తు. దానికి బోనుల్లోకీ, అక్కడినుంచి లేబొరేటరీల్లోకీ వెళ్ళింది మాత్రం ఆ కోతుల మనవలూ మునిమనవలూ!

పత్రికాధిపతి జీబ్రాలు

ఇక్కడినుంచి అమెరికా ఆ చివరికి, పసిఫిక్ తీరానికి వెళదాం. కాలిఫోర్నియాలో ఒకటో నంబరు హైవే మీద శాన్ సిమియన్ అనే ఊరి దగ్గర కారులో పోతుంటే కొండవాలున ఆవుల మధ్య చారల చారల జీబ్రాలు మేస్తూ కనిపిస్తాయి. బ్రేకు వేయని డ్రైవరుండడు!

వీటికీ సినిమాకీ ఉన్న చుట్టరికం దొడ్డిదారి చుట్టరికం. అమెరికాలో పత్రికల సామ్రాజ్యం ఏలిన విలియం రాండాల్ఫ్ హర్స్ట్ అక్కడ కొండమీద కోటలాంటి ఇల్లు కట్టుకున్నాడు. ఆయన చిత్రాలు కూడా తీశాడు. ఆయన మనసు గెలుచుకున్న మారియన్ డేవిస్ పేరున్న తార. వారాంతం వస్తే చార్లీ చాప్లిన్, క్లార్క్ గేబుల్ లాంటి హేమాహేమీలు అక్కడ అతిథులు. వాళ్ళ వినోదానికి ఆయన ఓ సొంత జంతుప్రదర్శనశాలే పెట్టాడు. సింహాలు, ఎలుగుబంట్లు, జిరాఫీలు, ఒంటెలు... సొంత జూలలో ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో అదొకటి. 1937లో అప్పులు మెడకు చుట్టుకునేసరికి జూ మూతపడింది. ఉన్న జంతువుల్ని తలా ఒకచోటికి పంపడం మొదలుపెట్టారు. జీబ్రాలు మాత్రం కొండల్లో మిగిలిపోయాయి. వాటి సంతానం ఇవాళ వందకు పైమాటే.

1941లో ఆర్సన్ వెల్స్ తీసిన ‘సిటిజన్ కేన్’ హర్స్ట్‌ని చూసి అల్లిన కథేనని అందరికీ తెలుసు. అందులోనూ కోట ఉంటుంది, జూ ఉంటుంది. ఒళ్ళుమండిన హర్స్ట్ ఆ చిత్రం పేరే తన పత్రికల్లో రాకూడదని హుకుం జారీ చేశాడు. హర్స్ట్ పోయాడు, వెల్స్ పోయాడు. జీబ్రాలు మాత్రం గడ్డి మేస్తూనే ఉన్నాయి. అయితే వాటికీ గండాలు లేకపోలేదు. 2011లో కంచె దాటి పక్కవాళ్ళ భూముల్లోకి పోయిన మూడు జీబ్రాలు తుపాకి గుళ్ళకు బలైపోయాయి.

పద్నాలుగు మంది ఎక్స్‌ట్రాలు

ఇంతవరకు సినిమా మీద వేసిన నిందలన్నీ వీగిపోయాయి. సంతోషం. ఇప్పుడు వీగిపోని కేసు వినండి.

లాస్ ఏంజిలిస్ తీరానికి 35 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో కేటలీనా అనే దీవి ఉంది. హాలీవుడ్‌కు పెరట్లాంటిది. అవుట్‌డోర్ అంటే చాలు, యూనిట్లు పడవెక్కి అక్కడికి పరుగెత్తేవి. 1935లో వచ్చిన ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ షూటింగ్ కొంత అక్కడిదే. ఆ మధ్యలోనే, 1943లో, నార్మా జీన్ అనే పదిహేడేళ్ళ కొత్త పెళ్ళికూతురు భర్త ఉద్యోగరీత్యా ఆ దీవిలో కాపరముంది. ఆమే తరవాత ప్రపంచాన్ని ఊపేసిన మార్లిన్ మన్రో!

1924లో ఆ దీవిలోకి 14 బైసన్లను దింపారు. బైసన్ అంటే అమెరికా అడవిదున్న. మూపురం ఎత్తు, గడ్డం, భుజాలనిండా జూలు, టన్ను దాకా బరువు తూగే శాల్తీ. ఒక మూకీ చిత్రం షూటింగ్ కోసం తెచ్చారు. అది 1925లో విడుదలైన ‘ది వానిషింగ్ అమెరికన్’ అని చెబుతారు. జేన్ గ్రే నవల ఆధారంగా తీసిన చిత్రం. తెల్లవాళ్ళ చేతుల్లో అన్యాయమైపోతున్న రెడ్ ఇండియన్ల కథ. పేరుకి అర్థం "మాయమైపోతున్న అమెరికన్" అని.

ఇందులో ఎంత విడ్డూరముందో చూడండి. ఒకప్పుడు అమెరికా మైదానాల్లో కోట్ల కొద్దీ తిరిగిన బైసన్లు, తుపాకుల వేటకు గురై 19వ శతాబ్దం చివరికి వెయ్యిలోపుకి పడిపోయాయి. నిజంగా మాయమైపోతున్న అమెరికన్ అంటే బైసనే! ఆ మైదానపు మృగాన్ని సముద్రం దాటించి, తనదికాని దీవిలోకి తెచ్చారు, వేషం వేయించడానికి.

ఇంకా పెద్ద విడ్డూరం ముందుంది. షూటింగ్ అయింది, ప్యాకప్ చెప్పారు, హీరో వెళ్ళాడు, డైరెక్టరు వెళ్ళాడు, కెమెరాలు వెళ్ళాయి. 14 బైసన్లు వెళ్ళలేదు. పోనీ తెరమీద కనిపించాయా అంటే అదీ లేదు! ఇవాళ మనకు దొరికే ప్రింటులో కేటలీనా కొండలూ లేవు, ఆ బైసన్లూ లేవు. ఊరునుంచి మద్రాసు రైలెక్కి, నెలల తరబడి స్టూడియోల చుట్టూ తిరిగి, చివరికి ఎడిటింగ్ టేబుల్ మీద వేషం ఎగిరిపోయిన జూనియర్ ఆర్టిస్టులు మనకు తెలియనివాళ్ళా? వాళ్ళకి కనీసం రిటర్న్ రైలుంది.

బైసన్లు పెరిగాయి. తరవాత్తరవాత బయటినుంచి మరికొన్నిటిని తెచ్చి కలిపారు. ఒక దశలో 600 దాకా చేరాయి. దీవి చూస్తే మొత్తం 190 చదరపు కిలోమీటర్లు. గడ్డి గుండు కొట్టించినట్టయింది. మట్టిలో దొర్లే అలవాటున్న ఆ భారీకాయాల కింద మొక్కలు నలిగిపోయాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని మొక్కలూ, ఓ చిన్న జాతి నక్కా ఆ దీవికి సొంతం. వాటి గతేం కావాలి? ఇటు బైసన్లకూ సుఖం లేదు. మైదానపు గడ్డి దొరక్క, ప్రధాన భూభాగంలోని తమ జాతికంటే ఇవి చిన్నవైపోయాయి. 2007లో జన్యు పరీక్ష చేస్తే దాదాపు సగం బైసన్లలో తల్లివైపునుంచి మామూలు ఆవుల అంశ ఉందని తేలింది.

మరి తరిమేద్దామా? అక్కడే చిక్కు! ఈలోగా బైసన్ ఆ దీవికి గుర్తయి కూర్చుంది. బొమ్మల్లో బైసన్, బజారులో బైసన్. టూరిస్టులు వచ్చేదే వాటిని చూడటానికి. అక్కడి బార్లలో "బఫెలో మిల్క్" అని ఒక పానీయం అమ్ముతారు. కంగారు పడకండి, అందులో బైసన్ పాలు చుక్క కూడా ఉండవు, ఉండేది మందే!

దీవిలో 88 శాతం భూమి 1972లో ఏర్పడిన ఒక పరిరక్షణ సంస్థ చేతిలో ఉంది. ఎక్కువైన బైసన్లని మొదట్లో ఒడ్డుకు తెచ్చి వేలం వేసేవారు. వేలంలో పోయిన పశువు ఎక్కడికి చేరుతుందో మీకు చెప్పక్కర్లేదు. 2004లో మాత్రం ఒక మంచి పని జరిగింది. దాదాపు వంద బైసన్లను దక్షిణ డకోటాలోని రోజ్‌బడ్ అనే చోటికి, లకోటా తెగవారి భూమికి పంపించారు. తాతలనాడు ఆ తెగకి తిండీ బట్టా దైవమూ అన్నీ బైసనే. సినిమా కోసం దీవి చేరిన 80 ఏళ్ళకి, ఆ ఎక్స్‌ట్రాల వారసులు కొందరు సొంత మైదానం చేరారు. ఏ స్క్రిప్టు రచయితా రాయలేని క్లైమాక్సు!

కానీ వందమంది ఇల్లు చేరితే సరిపోదుగా. మిగతావాటి సంగతి? 2009లో కుటుంబ నియంత్రణ మొదలుపెట్టారు. మందు ఎక్కించిన బాణం దూరంనుంచి ఆడ బైసన్‌కి వేస్తారు, చూలు నిలవదు. మంద ఒక హద్దులో ఉంటే దీవీ బతుకుతుంది, బైసనూ బతుకుతుందని లెక్క. మందు అనుకున్నదానికంటే బ్రహ్మాండంగా పనిచేసింది. 2013 తరవాత ఏళ్ళ తరబడి ఒక్క దూడ కూడా పుట్టలేదు! మంద వందలోపుకి దిగింది. 2020లో చూలుతో ఉన్న రెండు బైసన్లను బయటినుంచి తెద్దామని సంస్థవారే ప్రకటించారు. "వద్దన్నవాటిని మళ్ళీ తేవడమేమిటి?" అని దానికీ అభ్యంతరాలు వచ్చాయి. వద్దంటే ఒక తప్పు, ఉంచితే ఒక తప్పు. వందేళ్ళ కిందట ఒక ప్రొడక్షన్ మేనేజరు రిటర్న్ పడవకి డబ్బు పెట్టి ఉంటే ఈ తలనొప్పి ఎవరికీ ఉండేది కాదు.

మన సంగతేమిటి?

అంత దూరం ఎందుకు, మన చిత్రాలే చూడండి. కత్తి దూసిన రాకుమారుడు పులితో కలబడితే హాలు దద్దరిల్లేది. కొండచిలవ మెడకు చుట్టుకోవాలి, ఏనుగు పూలదండ వేయాలి, కోతి ఉత్తరం తేవాలి. ఏనుగులతో, పాములతో, పొట్టేళ్ళతో చిత్రాలు తీసి జయభేరి మోగించిన చిన్నప్ప దేవర్‌ని ఎవరు మరిచిపోగలరు? ఆయన తీసిన ‘హాథీ మేరే సాథీ’ 1971లో దేశాన్ని ఊపేసింది. తెరమీద జంతువుకి చప్పట్లు కొట్టాం. తెర వెనక దాని బతుకు ఎవరమూ అడగలేదు.

అడిగే రోజు ఆలస్యంగా వచ్చింది. 1998లో కేంద్ర ప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, వీటికి తర్ఫీదిచ్చి ఆడించడాన్ని నిషేధించింది. సర్కస్‌వాళ్ళు కోర్టుకెక్కారు. 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. మంచిదే. కానీ అప్పటికే బోనుల్లో పుట్టి బోనుల్లో పెరిగిన వందల సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? అడవికి పంపితే వేట రాదు. పైగా సర్కస్ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా జాతీ మన గిర్ జాతీ కలిసిన సంకరం. వాటిని గిర్ అడవి ఒప్పుకోదు, ఆఫ్రికా అసలే ఒప్పుకోదు.

వాటికి నీడ ఇచ్చిన ఊళ్ళల్లో మన తెలుగు ఊళ్ళు రెండున్నాయి. విశాఖపట్నం, తిరుపతి! అక్కడి జూల పక్కన ప్రత్యేకంగా సంరక్షణ కేంద్రాలు కట్టి ఆ సింహాలకు, పులులకు చోటిచ్చారు. సంతానం కలగకుండా చూస్తూ, కడదాకా తిండీ మందూ ఇచ్చి సాకడమే అక్కడి పద్ధతి. బంగాళాఖాతం ఒడ్డున ఒక సింహం, శేషాచలం నీడలో ఇంకో సింహం. ఉండకూడని చోట ఉన్న జంతువులే అవి కూడా. కానీ వాటిని గాలికి వదిలేయలేదు, వేలం వేయలేదు, లేబొరేటరీకి అమ్మలేదు. తెచ్చిన పాపానికి చివరిదాకా కూడు పెట్టారు. కేటలీనాలో ఎవరికీ తట్టని సంగతి అది.

ఇప్పుడు కంప్యూటరు వచ్చి పని సులువు చేసింది. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’లో జూనియర్ ఎన్.టి.ఆర్. మీదికి గర్జిస్తూ దూకిన పులికి తిండి అక్కర్లేదు, బోను అక్కర్లేదు. షూటింగ్ అయ్యాక ఎక్కడికి పంపాలన్న బెంగా లేదు. కుక్కనో గుర్రాన్నో నిజంగా వాడాలంటే మాత్రం, 2001 నాటి నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి.

చిత్రం మొదట్లో "ఈ చిత్రంలో ఏ జంతువునూ హింసించలేదు" అని అక్షరాలు పడతాయి చూడండి. అప్పటికింకా మనం సీటు వెతుక్కుంటూ ఉంటాం, లేదా పక్కవాడితో కబుర్లలో ఉంటాం. ఈసారి ఒక్క క్షణం ఆగి ఆ ముక్క చదవండి. సముద్రం మధ్య దీవిలో, తాము లేని చిత్రం తాలూకు షూటింగు కోసం వచ్చి, వందేళ్ళయినా ఇంటికి పోని ఆ 14 మందిని ఓసారి తలచుకోండి.